నేను పంచిన పుట్టినరోజులు

ఎండాకాలం సెలవులంటే పిల్లోళ్లకు పండగ. నాకు మాత్రం గుబులు. ఏప్రిల్ ఆఖర్లో బడికి తాళమేసి, తాళంచెవి సంచిలో వేసుకుని బస్సెక్కితే, మళ్లా జూన్‌లో ఆ తలుపు తీసేదాకా నన్ను "టీచర్" అని పిలిచే నోరు ఒక్కటి ఉండేది కాదు. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు పక్క సందులో, ఒక మిద్దెపైన ఒంటిగది నాది. కింద వీధంతా లాడ్జీలు. పొద్దున లేస్తే గుండ్లు చేయించుకున్నోళ్లు, నామాలు పెట్టుకున్నోళ్లు, పూలమ్మేవాళ్లు, ఆటోవాళ్ల అరుపులు. జనానికేం కొదవ లేదు. కానీ ఈపొద్దు కనిపించిన మొహం రేపు కనిపించదు. ఏండ్ల తరబడి ఆ గదిలో ఉంటే నన్ను చూసి నవ్వింది పాలప్యాకెట్లమ్మే ఆయమ్మ ఒక్కతే. ఆమె అందరికీ అట్లే నవ్వుతాదని తర్వాత తెలిసింది.

చిత్తూరులో మా అన్న ఉండాడు. సెలవుల్లో వారం దినాలు ఆడికి పోయేదాన్ని. వదిన మంచిదే. "ఉండు, ఇంకో రెండు దినాలుండి పోదువు" అంటాది. అంటానే నా చాప యాడ పరచాలా అని చుట్టూ చూస్తాది. ఆ చూపు చాలు, మరుసటి దినం పొద్దున్నే నేను సంచి సర్దేదానికి. పెండ్లెందుకు కాలేదని మీరూ అడక్కండి. కాలేదు, అంతే. అడిగినోళ్లకంతా చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

సెలవుల్లో నాకు తోడు క్యాలెండర్లు. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు క్యాలెండర్ల పిచ్చి ఉండాది. బొమ్మలుండేవి కాదు, దినానికొక కాగితం చించేసే క్యాలెండర్లు. నడిమధ్యలో పెద్ద అంకె, దాని కింద రాహుకాలం, యమగండం, తిథి. గుడ్డలంగడోళ్లను, లాడ్జీ మేనేజర్లను, మందులషాపు ఆయన్ను సిగ్గు లేకుండా అడిగి తెచ్చుకునేదాన్ని. చించిన కాగితాలు గూడా పారేయకుండా దాచిపెట్టమని చెప్పింటి. "ఏం చేసుకుంటావు మేడమ్ వీటిని?" అని వాళ్లు. "దోసెలు పోసుకుంటా" అని నేను. పదేండ్లవి నా గదిలో మంచం కింద రేకుపెట్టెల్లో ఉండేవి, సంవత్సరం సంవత్సరం వేరేగా కట్టలు కట్టి.

ఈ పిచ్చి నాకు మా నాయన అంటించింది. ఆయన పొద్దున కాగితం చించి, దాని వెనకపక్క ఆ దినం సంగతి ఒక్క ముక్క రాసేవాడు. వాన పడింది, ఎనుము ఈనింది, ఫలానా ఆయన వచ్చిపోయినాడు, ఇట్లా. నేను పుట్టిన దినం కాగితం వెనక "ఏడున్నరకు ఆడబిడ్డ. మబ్బుగా ఉంది" అని రాసినాడు. ఆ కాలంలో మా పక్క ఎవురికీ తేదీలు పట్టేవి కాదు, నక్షత్రం తెలిస్తే గొప్ప. నాయన ఇట్లా రాసేది మొదలుపెట్టకముందే పుట్టిన మా అన్నకు ఆయన పుట్టిన నెల గూడా తెలీదు. నాకు మాత్రం నాయన పుణ్యాన తేదీ, వారం, గంటతో సహా తెలుసు. ఆగస్టు మూడోవారంలో వస్తాది. అమ్మా, నాయనా పోయినాక ఆ దినం గుర్తుండే మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. సాయంత్రం వందగ్రాముల పాలకోవా కొనుక్కొచ్చుకుని, గదిలో తలుపేసుకుని తినేదాన్ని.

బడి తిరుపతి నుంచి చిత్తూరు పోయే దోవలో. బస్సు దిగి, మామిడితోపుల్లోంచి, చెరుకుచేల గట్లమీద రెండు మైళ్లు నడవాల. ఒక గది, ఒక వసారా, ఐదు తరగతులు, అందరికీ కలిపి ఒక టీచరు. అది నేనే. హెడ్మాస్టరూ నేనే, గంట కొట్టేదీ నేనే, పాము దూరితే కేకలు పెట్టేదీ నేనే.

బడి తెరిచేది జూన్ నడిమధ్యలో అయితే నేను పదిదినాల ముందే పోయి తలుపు తీసేదాన్ని. ఎవురూ రమ్మనలేదు. జీతంలో అదేం లెక్కకు రాదు. గదిలో కూర్చోలేక పోయేదాన్ని, ఉన్నమాట చెప్తా ఉండాను. బొగ్గు పొడిచేసి, ఉమ్మెత్తాకు రసం కలిపి నల్లబోర్డుకు రుద్దితే సుద్దముక్కతో రాసింది రాసినట్టే తెల్లగా కనిపిస్తాది. బోర్డుకు రుద్దినాక మిగిలింది పారేయడం ఎందుకని, చుట్టూ గోడకు కిందిపక్క, పిల్లోళ్ల చెయ్యి అందేంత ఎత్తుదాకా అదే పూసినాను. గీతలు గీసి ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి ఇచ్చినాను. నీ గడిలో నీ ఇష్టం, ఏనుగు గీసుకుంటావో, ఎక్కాలు రాసుకుంటావో. పలక లేని బిడ్డకు గూడా గోడ ఉంటాది. ట్రైనింగులో మాకు రంగు చార్టులు, జిగినీ కాగితాలు అని పెద్ద పెద్ద మాటలు చెప్పినారు. మా ఊరికి బొగ్గూ ఉమ్మెత్తాకే గతి, అవే నిండా బాగా పనికొచ్చినాయి.

నా క్యాలెండరు కాగితాలు కూడా బడికి పోయినాయి. ఒకటి నుంచి ముప్పయ్యొకటి దాకా పెద్ద పెద్ద అంకెలు, ఎన్ని కావాలంటే అన్ని. అట్టలకు అంటించి, ఐదు పక్కన రెండు పెడితే యాభై రెండు, రెండు పక్కన ఐదు పెడితే ఇరవై ఐదు, ఇట్లా ఆడించేదాన్ని. అంకెతోబాటు దాని కింద ఉండేది గూడా పిల్లోళ్లు చదివేసేవాళ్లు. ఒకపొద్దు మూడో తరగతి పిల్లోడొకడు తీసివేతలు చేయమంటే లేచి నిలబడి, "ఇప్పుడు రాహుకాలం మేడమ్, ఒంటిగంట ముప్పైకి పోతాది" అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను వసారాలోకి పోయి నిలబడినాను.

అట్లాంటి జూన్‌లోనే నాకు పుట్టినరోజుల చార్టు ఆలోచన తట్టింది. పన్నెండు నెలలకు పన్నెండు అట్టలు కట్టి, ఎవురి తేదీ కాగితం మీద వాళ్ల పేరు రాసి తగిలించాలని. ఆ దినం ఆ బిడ్డ ఒక పీరియడు నా కుర్చీలో కూర్చోవచ్చు. తేదీల కోసం అడ్మిషన్ రిజిస్టరు తెరిచినాను. తెరిస్తే ఏముండాది? జూన్ ఒకటి. దాని కింద జూన్ ఒకటి. పేజీ తిప్పితే జూన్ ఒకటి. ఊరంతా ఒకే దినం కన్నట్టు! నాకంటే ముందున్న హెడ్మాస్టరు చేసిన ఘనకార్యం అది. ఆయన్నొక్కణ్ణే అనేదానికి లేదు, అప్పట్లో అన్ని పల్లెల్లోనూ అదే తంతు. పిల్లోణ్ణి తీసుకొచ్చినోళ్లకు తేదీ తెలీదు, బడి తెరిచేనాటికి ఐదేండ్లు నిండినట్టు చూపించాల, అందుకని అందరికీ జూన్ ఒకటి వేసి పారేసేవాళ్లు. అయినా నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఇంతమంది బిడ్డల్లో ఒక్కరికైనా తనకంటూ ఒక దినం లేకుండా చేసినాడే, ఎంత సోమరిపోతు మనిషీ అనుకున్నాను.

పాతోళ్లవి రిజిస్టరులో మార్చేదానికి లేదు. వాళ్లకు గోడ మీద మాత్రం తలా ఒక తేదీ ఇచ్చినాను, పెట్టెలో చెయ్యి పెట్టి ఎవురికి ఏది వస్తే అది. ఇంక కొత్తగా చేరేవాళ్లకైతే నా ఇష్టమే గదా. ఎట్లాగూ ఉత్తుత్తి తేదీ, ఏదైతేనేం? ఒక బిడ్డకు జనవరి, ఒక బిడ్డకు మార్చి, ఒకరికి దీపావళి దగ్గర. రిజిస్టరులో గూడా అవే రాసినాను. నెలకొక పుట్టినరోజన్నా రావాలని, పూలకుండీలు సర్దినట్టు సర్దినాను. ఎంత మురిసిపోయినానో చెప్పలేను. ఇంత మంచి ఆలోచన ఎవురికీ రాలేదే అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ ఏడే ఆ పాప చేరింది. వాళ్ల నాయన తీసుకొచ్చినాడు. భుజం మీద తుండుగుడ్డ, కాళ్లకు బురద, నీళ్లు కట్టతా కట్టతా మధ్యలో వచ్చినట్టుండాడు.

"ఆరు నిండినాయి మేడమ్. పోయినేడే పంపాల్సింది. సంటోణ్ణి సూసుకునేదానికి ఎవురూ లేక నిలిపేస్తిమి."

"ఏ నెలలో పుట్టింది?"

"అయ్యన్నీ మాకేం తెలుసు మేడమ్? మీరే ఏదో ఒకటి రాసుకోండి."

వేలిముద్ర వేసి ఆయన పోయినాడు. రాసేది మధ్యాన్నం రాద్దామని నేను పక్కన పెట్టినాను. బువ్వ గంట కొట్టినాక పిల్లోళ్లంతా ఇండ్లకు పరిగెత్తినారు. నేను ఎప్పటిమాదిరి కుర్చీలో కూర్చుని క్యారియర్ తెరిచినాను. చూస్తే ఈ కొత్త పాప పోలేదు. గుడ్డలో మూటగట్టుకొచ్చిన సంగటిముద్ద పట్టుకుని వచ్చి, నా కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది.

"ఏమ్మే, ఇంటికి పోలేదా?"

"ఈడ మీరొక్కరే తింటా ఉండారు గదా" అనింది.

అంతే. ముద్ద తినేసి చేతులు కడుక్కుని ఆడుకునేదానికి పోయింది. నేను రిజిస్టరు తెరిచి, ఆ పాప పేరెదురుగా నా పుట్టినదినం రాసినాను. తేదీ నాది, నెల నాది, సంవత్సరం మాత్రం దానికి సరిపోయేటట్టు వేసినాను. జూన్‌కు ఆరు నిండి ఉండాలంటే, ఆరేండ్ల కిందటి ఆగస్టు చాలదు, దానికి ముందేడు ఆగస్టులో పుట్టినట్టు వెనక్కి జరపాల. జరిపినాను. కలం చేతిలో ఉండాది, అడిగేవాళ్లు లేరు, మనసుకు హాయిగా ఉండాది. తప్పని ఒక్క క్షణం గూడా అనిపించలేదు.

తర్వాత నాలుగేండ్లు ఆగస్టంటే నాకు పండగ. "నేనూ టీచరూ ఒకే దినం పుట్టినాము" అని ఆ పాప ఊరంతా టముకు వేసుకునేది. ఆ దినం తలలో కనకాంబరాలు పెట్టుకుని, నాకూ ఒక మూర తెచ్చేది. నేను తిరుపతి నుంచి పాలకోవా కట్టించుకుని పోయేదాన్ని. వందగ్రాములు కాదు, కేజీ. బడంతా పంచి, ఆఖరి ముక్క ఇద్దరం చెరి సగం చేసుకునేవాళ్లం. ముందుదినం నుంచే బస్సులో నాలో నేను నవ్వుకునేదాన్ని. పక్కన కూర్చున్నోళ్లు ఏమనుకున్నారో ఏమో. నా బతుకులో నాకు సొంతమనేది ఏదైనా ఉండాదంటే అది ఆ ఒక్కదినమే.

చదువులో ఆ పాప ఉట్టి మనిషి కాదు. ఒకసారి చెప్తే చాలు. రెండో తరగతిలో ఉండి నాలుగో తరగతి లెక్కలు గోడమీద తన గడిలో చేసి పెట్టేది. కానీ వాళ్ల నాయన ముందే చెప్పేసినాడు, "ఐదుదాకా మీ దగ్గర సదువుకోనీ మేడమ్, ఆమైన నేను పంపను" అని. హైస్కూలు పెద్దరోడ్డుకు అవతల, నాలుగు మైళ్లు. ఆడబిడ్డను ఒంటిగా అంతదూరం పంపేదానికి ఆయనకు ధైర్యం లేదు. పైగా ఎండాకాలమొస్తే మామిడిగుజ్జు ఫ్యాక్టరీవాళ్లు వ్యాను పెట్టి ఆడపిల్లోళ్లను పనికి తోలుకుపోతా ఉన్నారు. ఐదు అయిపోయిన పిల్లోళ్లు చానామంది ఆ వ్యానెక్కినోళ్లే. ఇంక మిగిలిన దోవ ఒక్కటే, ఆడపిల్లల గురుకులం బడి. ఐదో తరగతిలో సీటొస్తే ఆడనే ఉండి, ఆడనే తిని, పదిదాకా చదువుకోవచ్చు. దానికి పరీక్ష ఉంటాది. హాస్టలుంటే పంపుతానని వాళ్ల నాయన ఒప్పుకున్నాడు. వాళ్లమ్మ నన్ను పిలిచి, "ఎట్లైనా దీన్ని ఆ బడిలో పడేయమ్మా, నీకు దండం పెడతా" అనింది. నాలుగో తరగతి అంతా సాయంత్రం నా బస్సొచ్చేదాకా వసారాలో కూర్చోబెట్టి చెప్పినాను. పరీక్ష పెడితే అది పాసవుతాది, అందులో నాకు అనుమానమే లేదు.

మార్చిలో అప్లికేషను ఫారాలొచ్చినాయి. గదిలో కూర్చుని, కొత్త పెన్నుతో, కొట్టివేతల్లేకుండా నింపతా వచ్చినాను. పేరు, తండ్రి పేరు, ఊరు, బడి. పుట్టినతేదీ. రాసినాను. దాని పక్కనే నిబంధన ఉండాది. బడిలో చేరే సంవత్సరం సెప్టెంబరు ఒకటోతేదీకి పదకొండేండ్లు నిండినోళ్లు పనికిరారంట.

వేళ్లమీద లెక్కపెట్టినాను. మళ్లా లెక్కపెట్టినాను. కాగితం మీద తీసివేత చేసినాను. నా పుట్టినరోజు ఆగస్టు మూడోవారం గదా, ఆ లెక్కన సెప్టెంబరుకు ఆ పాపకు పదకొండు నిండిపోయినాయి. పన్నెండు దినాలు, పన్నెండే పన్నెండు దినాలు ఎక్కువ.

మరుసటి దినం సెలవుపెట్టి మండలం ఆఫీసుకు పోయినాను. అక్కడి ఆఫీసరు పెద్దాయన, మంచోడే. నా రిజిస్టరు తిప్పి తిప్పి చూసి అద్దాలు తీసినాడు.

"ఏందమ్మా ఇది, జనవరి, మార్చి, అక్టోబరు... ఇన్ని రకాలా? ఇంత శ్రమ ఎందుకు పడినావు?"

సంగతి చెప్పినాను. మొత్తం చెప్పలేదు. ఆ తేదీ నాదని చెప్పేదానికి నోరు రాలేదు.

"మార్చాలంటే పుట్టిన సర్టిఫికెట్టుండాల, లేకుంటే కోర్టునుంచి కాగితం తేవాల. అప్లికేషన్లకు గడువు ఇంక నాలుగు దినాలు. అయ్యే పనేనా?" అన్నాడు. రిజిస్టరు నా పక్కకు జరిపి, "అందరి మాదిరే జూన్ ఒకటి వేసి పారేసుంటే ఏ గొడవా లేకపోయె గదమ్మా" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. నేను సోమరిపోతని తిట్టుకున్న ఆ హెడ్మాస్టరే ఉండింటే ఆ పాప పరీక్ష రాసుండేది. నేను చెప్పులేసుకుని బయటికొచ్చి, బస్టాండుకు నడిచినాను.

ఆదివారం పోయి బడి తలుపు తీసినాను. సంచిలో కొత్త బ్లేడుంది. ఆ నెల అంకెను సన్నగా గీకేసి పక్కన ఇంకొకటి రాస్తే ఎవురు చూడొచ్చినారు? రిజిస్టరు ముందర పెట్టుకుని చానాసేపు కూర్చున్నాను. కాగితం మీద బ్లేడు ఆనించినాను గూడా. మండలంలో ఆ పేజీ చూసేసినారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగం పోతే నాకు ఇంకేముండాది? ఆ గది తప్ప ఏమీ లేదు. బ్లేడు తీసేసినాను. నిజాయితీతో ఆగినానని ఎవురికీ చెప్పుకోను, ఉట్టి భయం అది.

ఇంక చెప్పక తప్పదని వాళ్లింటికి పోయినాను. వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు కొట్టతా ఉండాది. కాయలు ఒకపక్క, గింజలు ఒకపక్క. నన్ను చూసి లేవబోతే కూర్చోమని, నేనూ ఆమె ఎదురుగా కూర్చున్నాను. వయసు చాలదని కాదు, ఎక్కువైందని చెప్పినాను. ఆగస్టు తేదీ వల్ల వచ్చిందని చెప్పినాను.

"ఆగస్టా?" అనింది. చేతిలో రాయి కింద పెట్టింది. "ఆగస్టులో యాడ పుట్టిందమ్మా నా బిడ్డ? మీరు రాసిన ఆ ఆగస్టుకు అది నా కడుపులో గూడా పడలేదే! తిరపతిలో మా యమ్మగారింట్లో గదా నా కానుపు. ఆ మరుసటేడు మేలో గంగజాతర కడాదినం, జాతరకు ఆఖరిదినం. ఈదిలో ఒకటే డప్పులు. ఆ సప్పుట్లో నా అరుపులు పక్కింటోళ్లకు గూడా ఇనపళ్లేదని మా యమ్మ ఈపొద్దుకీ చెప్తాది."

గంగజాతర కడాదినం. నా రేకుపెట్టెల్లో ఆ సంవత్సరం కట్ట గూడా ఉండాది. వెతికితే ఐదు నిమిషాల్లో తేదీ దొరుకుతాది. ఆ తేదీ వేసుంటే సెప్టెంబరుకు పదే నిండేవి.

"వాళ్ల నాయన తెలీదన్నాడే..." అన్నాను.

"ఆయనకేం తెలుసు? ఆ దినం ఆయన యాడుండాడో! నన్నడిగింటే చెప్పేదాన్ని గదమ్మా. ఈ ఊర్లో ఏ తల్లినడిగినా చెప్తాది. కన్నోళ్లకైతే..."

ఆపేసింది. నా మొహం చూసి ఆపేసింది. చింతకాయ ఒకటి తీసుకుని మళ్లా కొట్టడం మొదలుపెట్టింది. మిగిలిన మాట నేను బస్సులో పూర్తి చేసుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చినాను. పక్క సీట్లో గుండు చేయించుకునేదానికి తిరుపతి పోయే ఒక ముసలామె నా వీపు నిమిరి, "కొండకు పోతావా తల్లీ, అంతా ఆయనే చూసుకుంటాడు" అనింది. కాదని చెప్పే ఓపిక లేక తలూపినాను.

ఇంకొక మాట అడగలేదా అనుకుంటారేమో, ఆ తల్లి చెప్పిన తేదీకి కాగితం తెచ్చే దోవేమైనా ఉండాదా అని. అడిగినాను. ఇంట్లో కానుపు, మంత్రసాని పురుడు పోసింది, యాడా రాయించలేదు. గడువు అయిపోయింది. ఫారం నా దగ్గరే ఉండిపోయింది.

ఆ జూన్‌లో మళ్లా పదిదినాల ముందే పోయినాను. ఈసారి ముందు బడి తలుపు తీయలేదు. కొత్తగా చేరే బిడ్డల ఇండ్లకు పోయి, ఆడోళ్ల ముందర కూర్చున్నాను. మగోళ్లేమైనా చెప్పబోతే "మీరుండండప్పా" అన్నాను. ఎంతమంది తల్లులు, ఎన్ని గుర్తులు! మా అత్త చచ్చిపోయిన పదోదినం. తోతాపురి మామిడికాయ దింపేటప్పుడు, తుపాను గాలికి రేకులు లేచిపోయినాయే, ఆ రేయి. గానుగ ఆడతా ఉంటే నొప్పులొచ్చినాయి, అప్పుడు అమావాస్య. నేను అన్నీ నోటుబుక్కులో రాసుకుని, గదికి వచ్చి, కట్టలు విప్పి, అమావాస్యలు వెతికి, తేదీలు తేల్చినాను. చానా మటుకు దొరికినాయి. ఒక్కటంటే ఒక్కటి నేను కల్పించి రాయలేదు. పాతహెడ్మాస్టరు కాలంలోనూ ఈ తల్లులు ఈడనే ఉండారు, నా కాలంలోనూ ఉండారు, గుమ్మందాకా పోయి అడిగినోళ్లే లేరు.

ఆ పాప మా బడిలోనే ఐదో తరగతికి వచ్చింది. ఎప్పటిమాదిరే చదువుతా ఉంది, ఎప్పటిమాదిరే నా పక్కన కూర్చుని తింటా ఉంది. దాని మొహం చూసేదానికి నాకే ధైర్యం లేదు. తర్వాత ఏమైందని మీరు అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. వాళ్ల నాయన కాళ్లావేళ్లా పడి, హైస్కూలు దాకా పోయే పిల్లోళ్లతో జతచేసి, ఆరో తరగతికి పంపించినాను. ఆరు అయిపోయినాక ఎండాకాలంలో ఫ్యాక్టరీ వ్యానెక్కిందని విన్నాను. జూన్‌లో మళ్లా హైస్కూలుకు పోయిందో లేదో కనుక్కునేలోపల నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఇంక యాడ చదివినా, యాడ పని చేసినా, దాని కాగితాలన్నిట్లోనూ నా పుట్టినదినమే ఉంటాది.

ఆ ఐదో తరగతి ఆగస్టులో ఆ దినం రానే వచ్చింది. నేను పండగేం చేయలేదు. మామూలు చీర కట్టుకుని, ఒట్టి చేతులూపుకుంటా పోయినాను. ఆ పాపకు గుర్తుండకపోతే బాగుండునని బస్సులో మొక్కుకున్నాను. బువ్వ గంటప్పుడు అది కనకాంబరాల మూర ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని తలలో పూలు లేవు.

"నీకేవే?" అన్నాను.

"నాది జాతరప్పుడంట గదా టీచర్. మా యమ్మ చెప్పింది. మొన్న జాతరకు మా అవ్వగారింటికి పోతే పాయసం చేసి పెట్టినారు." నా మొహంలోకి చూసింది. దాంట్లో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలిసిన లెక్క చెప్పినట్టు చెప్పింది. "అయితే ఈ దినం మీదొక్కరిదే గదా టీచర్?"

"అవునమ్మా. నాదొక్కదానిదే" అన్నాను.

"సరే" అని అది ఆడుకునేదానికి ఉరికింది. దానికి సీటు పోగొట్టింది నేనని దానికి తెలుసు, వాళ్లమ్మ చెప్పకుండా ఉండదు. ఒక్కమాట అనలేదు నన్ను. తిట్టింటే బాగుండేది.